అర మిల్లీమీటరు

ఫిబ్రవరి 2, శనివారం

మా ఆయన క్లెమ్ ఈరోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊరి షెడ్డుకి వెళ్లాడు. ధాన్యం గోదాముల్లో ఫిట్టరుగా పనిచేసినంత కాలం శనివారం పూట గడ్డం ముట్టుకున్న మనిషి కాదు. రిటైరైన మగవాళ్లంతా చేరి టీ తాగుతూ విరిగిన కుర్చీలు బాగుచేసుకునే ఆ షెడ్డులో ఇవాళ్టి నుంచి కొత్తవాళ్లకి క్లాసు పెట్టాడు. చేతి పనిముట్లతో ఇనుముకి మరలు కోయడం నేర్పుతాడు. ఆడవాళ్లు కూడా రావచ్చట.

"ఎవరొచ్చారు?" అన్నాను తిరిగొచ్చాక.

"ఓ అయిదారుగురు."

"ఆడవాళ్లు?"

"రొవీనా ఒక్కతే. ట్రెగెంజా ముసలాయన కూతురు. వయాలా నుంచి వచ్చేసిందిగా. వాళ్ల నాన్న పడవ ఇంజను తనే బాగుచేస్తుందట. మంచి చెయ్యి."

మంచి చెయ్యి. నలభై ఏళ్లు ఈ స్ట్రీకీ బే ఊళ్లో సగం తలలకి నేనే జుట్టు కత్తిరించాను. ఈ మాట నా చేతి గురించి ఒక్కసారి అనలేదు.

టమాటాలకి నీళ్లు పోశాను. దక్షిణపు గాలి.

ఫిబ్రవరి 6

ఆదివారం గొర్రె మాంసం కాల్చినప్పుడు దిగిన కొవ్వుని గిన్నెలో దాచాను, బంగాళాదుంపలకి పనికొస్తుందని. గిన్నె లేదు. షెడ్డుకి పట్టుకెళ్లాడట. మర కోసేటప్పుడు రాయడానికి నూనె కంటే అదే మంచిదట.

నా వంటింటి కొవ్వు ఆవిడ బోల్టులకి.

ఫిబ్రవరి 9, శనివారం

నేనూ వెళ్లాను. టీలోకి స్కోన్ రొట్టెలు ఎక్కువ చేసేశాను, అందుకని. తీరా వెళ్లాక ఊరికే నిలబడితే బాగుండదని ఒక వైసు ముందు నేనూ చేరాను.

రొవీనాకి యాభై దాటి ఉంటాయి. జుట్టు అద్దంలో చూసుకుంటూ తనే కత్తిరించుకుంటుంది కాబోలు, వెనక ఎలక కొరికినట్టుంది. చెయ్యి మాత్రం కదలదు. క్లెమ్‌ని "మాస్టారూ" అని పిలుస్తుంది. అందరూ నవ్వుతారు, ఆయన కూడా.

ముందు ఇనప కడ్డీని వైసులో నిలబెట్టి బిగించాలి. దాని అంచుని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. దాని మీద డై పెట్టి, రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పాలి. డై అంటే నడుమ పళ్లున్న గుండ్రటి ఇనప బిళ్ల. ఇంతే. చంటిపిల్లలు కూడా చేస్తారనిపిస్తుంది, చేసేదాకా.

క్లెమ్ ఆవిడ పక్కన నిలబడి చెబుతున్నాడు. "అర చుట్టు ముందుకి. ఊఁ. ఇప్పుడు పావు చుట్టు వెనక్కి. టిక్కుమంది, విన్నారా? తునక తెగింది. మళ్లీ అర చుట్టు. తొందరేం లేదు. మనకి పొద్దంతా ఉంది."

మనకి పొద్దంతా ఉంది!

పెళ్లైన కొత్తలో నాకు కారు నేర్పుతానని తీసుకెళ్లి, నేను రెండోసారి క్లచ్ వదిలేసరికి దిగి ఇంటికి నడిచిపోయిన మనిషి ఈయనే.

నా దగ్గరికొచ్చి చూశాడు. "గ్లెన్, డై పక్కకి వాలిపోయింది. కనపట్టంలేదూ?"

"నేరుగానే ఉంది."

నట్టు ఎక్కించి చూపించాడు. టోపీ పక్కకి పెట్టుకున్న తాగుబోతులా వాలి నిలబడింది. అందరూ నవ్వారు. రొవీనా నవ్వలేదు. అది ఇంకా ఒళ్లు మండించింది.

ఫిబ్రవరి 10

నాకేం అసూయ లేదు. ఆ స్వరం ఆయనకి ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు, అంతే.

ఫిబ్రవరి 16, శనివారం

ఈవారం ట్యాపులు. ట్యాపు అనగానే నాకు కుళాయే గుర్తొస్తుంది. ఇది వేలెడంత ఉక్కు మేకు, ఒంటి నిండా పళ్లు. రంధ్రం లోపలి గోడకి ఇది మరలు కోస్తుంది. గట్టిదే కానీ పెళుసు. గాజులా పుటుక్కున విరుగుతుంది. విరిగి లోపల ఇరుక్కుంటే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు.

"అందుకే రంధ్రం సరిగ్గా ఉండాలి," అన్నాడు క్లెమ్. "పది మిల్లీమీటర్ల ట్యాపుకి ఎనిమిదిన్నర డ్రిల్లు బిట్టుతో రంధ్రం. ఎనిమిదితో చేశారా, ట్యాపుకి ఊపిరాడదు. అర మిల్లీమీటరే కదా అని బలం పెడితే అయిపోయినట్టే."

బిట్లన్నీ ఎర్రగమ్ చెట్టు చెక్కలో సైజు వారీగా గుచ్చి ఉంటాయి. ఏ గుంట ఏ సైజో క్లెమే చెక్కాడు.

రొవీనా తుక్కు ముక్కల మీద సాధన చేస్తోంది. పడవ ఇంజనుకి నీళ్ల పంపు బిగించే చోట పాత మరలు అరిగిపోయాయట. ఆ రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త మర కోయాలి. అలాంటి ఇంజను ఇప్పుడు దొరకదు. వాళ్ల నాన్నకి తొంభై దాటాయి. ఆస్పత్రి వెనక వృద్ధుల వార్డులో కూర్చుని, ఈస్టరుకి పడవెక్కుతాను, కీస చేపల వేటకెళ్తాను అంటున్నాడట.

క్లెమ్ ఆవిడకి చూపించేటప్పుడు తన చేత్తో పట్టుకుని చూపించడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, నోటితో చెబుతాడు. సినిమా హీరోలా నిలబడుతున్నాడు ఈ వయసులో.

నా ట్యాపు బిగుసుకుంది. "క్లెమ్, ఒకసారి తిప్పిపెట్టవా?" అన్నాను.

"నువ్వే తిప్పు. అన్నీ నేనే చెయ్యాలంటే ఎలా?" కసిరాడు.

ఫిబ్రవరి 21

డల్సీ జుట్టుకి రంగు వేయించుకోవడానికి వచ్చింది. వెనక వరండాలో కూర్చోబెట్టాను. దువ్వెన పెట్టగానే మొదలెట్టింది.

"మీ ఆయన బాగా మెరుస్తున్నాడే ఈ మధ్య."

"ఎండకి."

"ఎండ ఊరందరికీ ఉంది గ్లెనిస్. గడ్డం మీ ఆయన ఒక్కడే గీసుకుంటున్నాడు."

"తల కదపకు. చెవికి రంగంటుకుంటుంది."

అంటించాను కూడా. కొంచెం.

మార్చి 1, శుక్రవారం

ఇనప కడ్డీలు కొనాలని క్లెమ్ పోర్ట్ లింకన్ వెళ్లాడు. రొవీనా ట్రక్కులో. మన కారులో కడ్డీలు పట్టవట. పొద్దున వెళ్లి చీకటి పడే వేళకి వచ్చారు. కడ్డీలు లేవు.

"దొరకలేదు," అన్నాడు.

"పోర్ట్ లింకన్‌లో ఇనుము దొరకలేదా?"

"దొరకలేదన్నాగా."

చొక్కా మీద మాంసం కూరిన పేస్టీ పొట్టు రాలి ఉంది. ఎక్కడో కూర్చుని తిన్నారు. ఇద్దరూ.

మార్చి 2

క్లాసుకి వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. సరేనన్నాడు. ఎలా ఉందని మళ్లీ అడగలేదు.

మార్చి 8, శుక్రవారం

రేపు రొవీనా అసలు ఇంజను మీద మర కోస్తుంది. ఇంజనుని షెడ్డులోకి దింపారు. సాయంత్రం స్కోన్ల పళ్లెం తెచ్చుకోవడానికి వెళ్లాను. షెడ్డులో ఎవరూ లేరు. బిట్ల చెక్క దగ్గర కాసేపు నిలబడ్డాను. పళ్లెం తెచ్చుకుని వచ్చేశాను.

ఇంకేం జరగలేదు.

మార్చి 9, శనివారం

విరిగింది.

ఆవిడ పాత మరల్ని డ్రిల్లుతో తీసేసి, ట్యాపు నిలబెట్టింది. పోత ఇనుము కాబట్టి కొవ్వు వద్దన్నాడు క్లెమ్. అర చుట్టు, పావు చుట్టు. నాలుగైదు సార్లకే పిడి తిరగనంది.

"మాస్టారూ, బాగా బిగుతుగా ఉంది."

"పోత ఇనుము కదా, మొదట్లో అలాగే ఉంటుంది. ఇంకొంచెం..."

పుటుక్కుమంది. ఎండు పుల్ల విరిగినట్టు, చిన్న చప్పుడు. అందరం విన్నాం.

రొవీనా పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. క్లెమ్ బిట్టు తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. దాని మీద ఎనిమిది అని ఉంది. ఎనిమిదిన్నర గుంటలో ఎనిమిది. ఆయన మొహంలో రక్తం లేదు.

"నేనే," అన్నాడు. "గురువారం బిట్లు తుడిచి పెట్టింది నేనే. తప్పు గుంటలో పెట్టాను. ఇవాళ కొలవలేదు కూడా. నాదే తప్పు రొవీనా."

ఎప్పుడైనా వాడే ముందు ప్రతి బిట్టునీ కాలిపరుతో కొలిచే మనిషి. ఇవాళ ఎందుకు కొలవలేదు? కొలుస్తాడనే అనుకున్నాను. కొలిచి, తప్పు కనిపెట్టి, అందరి ముందూ ఆవిడని "చూసుకోవద్దూ?" అని ఒక్కసారి కసురుతాడనుకున్నాను. అంతే అనుకున్నాను.

మార్చి 11

క్లెమ్ తిండి సరిగా తినడం లేదు. అడిగితే "బానే ఉన్నా" అంటున్నాడు. నేను బాగానే తింటున్నాను.

మార్చి 13

క్లాసు మూసేస్తున్నానని షెడ్డు తలుపు మీద కాగితం అంటించి వచ్చాడు.

రొవీనా ట్రక్కు షెడ్డు ముందు ఆగి ఉంటే రోడ్డు మీంచి చూశాను. వెనక నీళ్ల ట్యాంకు నీడలో ఇద్దరూ ఉన్నారు. ఆయన చెయ్యి ఆవిడ రెండు చేతుల మధ్య ఉంది. ఆవిడేదో చెబుతోంది. ఆయన తల దించుకుని వింటున్నాడు.

నేను చేసింది తప్పేం కాదు. ఆ మాత్రం జరగాల్సిందే.

మార్చి 15, శుక్రవారం

మధ్యాహ్నం రొవీనా మా ఇంటికే వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టాను.

"గ్లెనిస్ గారూ, క్లెమ్ గారు క్లాసు మానేస్తే మనిషి కుంగిపోతారు. మీరైనా చెప్పండి. మీ మాట వింటారు."

"నా మాటా? మీరు చేతులు పట్టుకుని చెప్పారుగా. వినలేదా?"

ఆవిడ నావైపు చూసింది. మొహం మెల్లగా మారింది. కోపం కాదు. "అయ్యో. మీకింకా చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"నేను చెప్పకూడదు. చెప్పనని మాటిచ్చాను."

"అయితే ఎందుకొచ్చారు?"

మెట్టు మీద కూర్చుంది. చెప్పింది. మొదటి క్లాసులోనే ఆయన కుడి చెయ్యి వణకడం చూసిందట. వాళ్లాయనకీ అలాగే మొదలైందట, బొటనవేలి దగ్గర. ఆ జబ్బుతోనే పోయాడు. పోర్ట్ లింకన్ వెళ్లింది ఇనుము కోసం కాదు, డాక్టరు కోసం. పార్కిన్సన్స్ కావచ్చన్నారు. అడిలైడ్‌లో పెద్ద డాక్టరుకి చూపించమన్నారు.

"బిట్టు తప్పు గుంటలో పెట్టింది ఆ చెయ్యేనని ఆయన నమ్మకం. ఇక పనికిరానివాణ్ణయిపోయానంటున్నారు. కాలిపరు పట్టుకుంటే వణుకు అందరికీ కనపడుతుందని ఆరోజు కొలవలేదట."

వెళ్లిపోయాక తలుపు వేసుకున్నాను. సిగ్గుపడాలి కదా. ముందొచ్చింది సిగ్గు కాదు. ఆ చెయ్యి నాకంటే ముందు ఆవిడకి తెలిసింది. పక్కన పడుకునేది నేను. ఆవిడకి తెలిసింది.

మార్చి 16, శనివారం

చల్లారిన మాంసం, ఊరబెట్టిన ఉల్లిపాయ పెట్టాను. ఆయన ఎడమ చేత్తో తింటున్నాడు. ఎన్నాళ్లుగా ఎడమ చేత్తో తింటున్నాడో నేను చూడనే లేదు.

"క్లెమ్, ఆ బిట్టు నువ్వు మార్చలేదు. నేను మార్చాను."

నమిలేవాడు ఆగాడు. "ఏ బిట్టు?"

"ఎనిమిది తీసి ఎనిమిదిన్నర గుంటలో పెట్టాను. ముందు రోజు సాయంత్రం."

"నువ్వా?"

"నేనే."

"ఎనిమిదిన్నర ఏ గుంటలో పెట్టావు?"

"ఎనిమిది గుంటలో."

లేచి కారులో షెడ్డుకి వెళ్లాడు. తిరిగొచ్చాడు. ఎనిమిది గుంటలో ఎనిమిదిన్నరే ఉంది. గుమ్మంలో నిలబడి నవ్వడం మొదలెట్టాడు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఈ నెలల్లో నేను చూడని నవ్వు.

"అయితే నా చెయ్యి కాదు! గ్లెన్, నా చెయ్యి కాదు!"

నా దగ్గరికి వస్తాడనుకున్నాను. ఫోను దగ్గరికి వెళ్లాడు. "రొవీనా! విను, అది నేను కాదు..."

గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

ఫోను పెట్టేశాక నవ్వు పోయింది. అప్పుడు కోపమొచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎందుకు?" అన్నాడు.

"ఆవిడతో మాట్లాడినట్టు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు నువ్వు."

"దానికి ఇంజను పాడుచేస్తావా?"

"చెయ్యి గురించి నాకెందుకు చెప్పలేదు?"

కుర్చీలో కూర్చుని అన్నాడు. "నువ్వు నాకేసి ఎలా చూస్తావో నాకు తెలుసు. ఆ చూపు మారుతుందని భయపడ్డాను." కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "విరగ్గొట్టింది నువ్వు. తియ్యి."

మార్చి 17

రొవీనా ఎదురుగా నిలబడ్డాను. క్షమించమన్నాను. ఆవిడ క్షమిస్తాననీ అనలేదు, క్షమించననీ అనలేదు.

"మా నాన్న ఈస్టరుకి పడవెక్కుతానని టోపీ కూడా తెప్పించుకున్నాడు. ఎందుకు కుదరదో మీరే వెళ్లి చెప్పండి."

వెళ్లాను. ముసలాయన కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"మా అమ్మాయి మీద అసూయా? రొవీనా మీద?" చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ అడిగాడు. "దాని మొహం చూశావా? అచ్చం నా మొహమే!"

"చూశానండీ."

"ఈ వయసులో మొగుడి మీద అంత మోజేంటమ్మా నీకు?" నర్సుని కేకేశాడు. "ఇటు రా, ఈ కథ విను!"

ఊరంతా తెలిసిపోతుంది. తెలియనీ. డల్సీకి మాత్రం రంగు నేను వేయను.

మార్చి 23, శనివారం

విరిగిన ట్యాపు తీయడానికి ఒక పనిముట్టుంది. నాలుగు సన్నటి ఉక్కు వేళ్లు. ట్యాపు గాడుల్లోకి ఆ వేళ్లు దింపి, పట్టు దొరికాక వెనక్కి తిప్పాలి. ముందు లోపలి పొడిని సూదితో గీకి, గాలి ఊది శుభ్రం చేయాలి. వారమంతా అదే పని. క్లెమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు, చెయ్యి జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకుని. వణుకుతుంది. నేను చూడనట్టు ఉండను. చూస్తాను.

"అలా కాదు. బలం పెట్టకు. పట్టు దొరికిందా?"

"తెలియడం లేదు."

"తెలియకపోతే తిప్పకు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మనకి పొద్దంతా ఉంది," అన్నాను.

నాకేసి ఒక చూపు చూశాడు.

నాకు ఆ స్వరం దొరకలేదు. కసురుడే దొరికింది. పక్క వైసు దగ్గర ఆకురాయి పట్టుకుని ఉన్న రొవీనా తలెత్తకుండానే అంది, "మా ఆయన ఆఖరికి నన్ను కసరడం కూడా మానేశాడండీ. నర్సుతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడేవాడు. అదే భరించలేకపోయాను."

నేను మళ్లీ సూది అందుకున్నాను.

మార్చి 28

కదిలింది. ఆవగింజంత.

మార్చి 30, శనివారం

పొద్దున ఊడివచ్చింది. అరచేతిలో పెట్టి చూశాను. నల్లటి పన్నులా ఉంది. క్లెమ్ సరైన బిట్టు తీశాడు. కాలిపరు నా చేతికిచ్చాడు. అందరి ముందూ కొలిచాను. ఎనిమిదిన్నర.

మర రొవీనాయే కోసింది. అది ఆవిడ ఇంజను. నేను మూలమట్టం పట్టుకుని ట్యాపు వాలకుండా చూశాను. పంపు బోల్టు వేళ్లతోనే దిగిపోయింది, రెంచీ అక్కర్లేకుండా.

"మంచి చెయ్యి," అన్నాడు క్లెమ్.

ఆవిడకేసి చూస్తూనే అన్నాడు.

ఏప్రిల్ 6

ఈస్టరు దాటిపోయింది. ముసలాయనకి దగ్గు ముదిరింది. పడవెక్కడానికి డాక్టరు ఒప్పుకోలేదు. చక్రాల కుర్చీలో జెట్టీ చివరిదాకా తోసుకెళ్లాం. కింద నీళ్లలో రొవీనా ఇంజను తిప్పింది. టక్ టక్ మంటూ అందుకుంది. ముసలాయన కొత్త టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఇంధనం అయిపోయేదాకా ఆపొద్దన్నాడు.

ఆయన పడవలో ఉండాల్సింది. నేను చేసిన పని అక్కడ కుర్చీలో కూర్చుని ఉంది. నా చెయ్యి తట్టి, "నీకూ వినపడుతోందా?" అన్నాడు.

ఏప్రిల్ 18

అడిలైడ్ డాక్టరు పిలుపు వచ్చే వారం. కారు తనే నడుపుతానని రొవీనా ముందే మాటిచ్చిందట. "వద్దని చెప్పాను," అన్నాడు క్లెమ్, టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ. కుడి చేత్తో. సగం బల్ల మీద రాశాడు. "నువ్వొస్తావుగా?"

"చూస్తాను. డల్సీ తల ఉంది ఆరోజు."

"డల్సీకి రంగు వేయనన్నావుగా."

వస్తానన్నాను.

ఏప్రిల్ 24, బుధవారం

పెద్ద డాక్టరు కుర్రపిల్ల. ఎర్రటి జుట్టు, చక్కగా కత్తిరించారు ఎవరో. క్లెమ్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు మడవమంది, తెరవమంది, మణికట్టు తిప్పి చూసింది. ఆయన ఆ పాత స్వరంతో, శాంతంగా, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. అలా ఆ పిల్ల చేతుల్లో ఆ చెయ్యిని చూస్తుంటే మళ్లీ అదే మంట. నవ్వొచ్చింది. ఇక పోదు కాబోలు ఇది.

ఆ జబ్బేనంది. మందులున్నాయంది. మెల్లగా ముదురుతుందంది. ఎప్పుడు మొదలైందని అడిగింది. క్లెమ్ నావైపు తిరిగాడు.

"నాకు తెలియదు," అన్నాను. "నేను చూడలేదు."

"తనకి తెలియకుండా దాచాను," అన్నాడు డాక్టరుతో. "చాలా కష్టపడ్డాను."

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. ఊరు దాటాక చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి గోధుమ చేల మోళ్లు చూస్తూ కూర్చున్నాడు. కొండ ఎక్కేచోట గేరు తప్పుగా మార్చాను. కారు గుర్రుమంది.

"క్లచ్ పూర్తిగా తొక్కవే! ఎన్నేళ్లొచ్చినా ఇంతేనా?"

"దిగి నడువు అయితే."

దిగలేదు. గేరు రాడ్ మీదున్న నా చేతి మీద ఆ కుడి చెయ్యి పెట్టాడు. ఎర్రెక్కిన ఉప్పు చెరువులు, ఉప్పు దిబ్బలు అన్నీ దాటాం. గేరు మార్చిన ప్రతిసారీ ఆ వణుకు నా వేళ్లలోకి వచ్చింది. పోర్ట్ అగస్టా దాటేదాకా తీయలేదు.